బెత్తెడు గీత

కార్విల్‌లో హోలిస్ ప్రూయిట్ వేసిన కంచె మీద ఇంతవరకు తగువు రాలేదు. ఇరుగుపొరుగు వాళ్ళు హద్దు దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వచ్చి, చివరికి "హోలిస్‌ని పిలవండి, అతను తాడు ఎక్కడ లాగితే అదే హద్దు" అనుకుని చల్లబడ్డ సందర్భాలు ఆ ఊరి ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఒకసారి సొంత తోడల్లుడి పెరట్లోంచి మూడడుగులు తీసి పక్కవాడికిచ్చి గుంజలు పాతేశాడు. తోడల్లుడు ఆ తర్వాత రెండు క్రిస్మస్‌లకు వాళ్ళ గడప తొక్కలేదు. నువ్వు మనిషివా, కొలబద్దవా అని భార్య వీడా ఇప్పటికీ సాధిస్తూనే ఉంటుంది.

ఈ పేరు చూసే కాలేజీ వాళ్ళు అతణ్ణి గొలుసు పనికి పిలిచారు. అలబామా కొండల కింద ఉన్న ఆ చిన్న ఊరికి కాలేజీ తప్ప వేరే ఆస్తి లేదు, కాలేజీకి ఫుట్‌బాల్ తప్ప వేరే పరువు లేదు. ఆ ఆటలో బంతి చేతికి చిక్కిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు తోసుకుపోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, పోలేకపోతే బంతి అవతలివాడిది. ఆ పది గజాలూ కొలిచేది రెండు కర్రల మధ్య కట్టిన ఒక గొలుసు. దాన్ని పట్టుకుని మైదానం అంచున నిలబడేవాళ్ళు ఊళ్ళోవాళ్ళే. ముందు కర్ర మందుల షాపు ఆర్లిస్ బీమ్‌ది. వెనక కర్ర ఎవరో ఒకరు పడతారు. మధ్యలో క్లిప్పు హోలిస్‌ది.

ఈ క్లిప్పు సంగతి స్టేడియంలో అరిచే జనంలో నూటికి తొంభై మందికి తెలియదు. మైదానం మీద ఐదేసి గజాలకు ఒక సున్నపు గీత ఉంటుంది. గొలుసు ఏ గీత మీదుగా పోతుందో, అక్కడ గొలుసుకు ఒక క్లిప్పు తగిలిస్తారు. బంతి పది గజాలు దాటిందో లేదో అనుమానం వస్తే గొలుసును మైదానం నడిమికి మోసుకెళ్ళి, క్లిప్పును అదే గీత మీద ఆనించి, ముందు కర్రను లాగి చూస్తారు. బంతి ముక్కు కర్రను తాకితే దక్కినట్టు. అయితే గీత అంటే దారం కాదు, బెత్తెడు వెడల్పుంటుంది. అందుకని క్లిప్పు ఎప్పుడూ గీతకు వెనక అంచునే ఆనాలి. వెనక అంటే ఏది? బంతి ఉన్న జట్టు ఎటు పోతుంటే దానికి వెనక. బంతి చేతులు మారి అవతలి జట్టు ఇటు తిరిగితే, నిమిషం కిందటి వెనక ఇప్పుడు ముందవుతుంది. కొత్తవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారని ఆర్లిస్ కుర్రాళ్ళను ఆటపట్టించేవాడు. హోలిస్ జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి ఆ పని చేస్తున్నాడు, ఒక్కసారి కూడా పడలేదు.

గొలుసు పట్టినవాడు చప్పట్లు కొట్టకూడదు, కేక వేయకూడదు, మొహం కూడా మార్చకూడదు. హోలిస్ దీనికి తన సొంత నియమం ఇంకొకటి తగిలించాడు. అల్లుడు రస్ ఓడమ్ ఆ జట్టుకే చిన్న కోచ్‌గా వచ్చాక, శనివారం ఆట ముగిసేదాకా అతనితో మాట్లాడటం మానేశాడు. ఎదురుపడితే చెట్టును చూసినట్టు చూసి పోయేవాడు. రస్‌కు అది నవ్వులాటగా ఉండేది. "మామయ్యా, శనివారం నాకు మీరు మామ కాదన్నమాట" అంటే, "శనివారం నువ్వెవరో నాకు తెలీదు" అని హోలిస్ అనేవాడు. అన్నంత పనీ చేసేవాడు.

ఇక పెద్ద కోచ్ లాండ్రమ్ సంగతి. ఆయన వచ్చాక జట్టు ఓడినవాటికంటే గెలిచినవే ఎక్కువ. వేరే ఊళ్ళో అయితే నెత్తిన పెట్టుకునేవారు. కానీ ఆ దేశంలో ప్రతి వారం పత్రికలవాళ్ళు ఓట్లేసి పాతిక జట్లకు ర్యాంకులు ఇస్తారు. లాండ్రమ్ ఆ పాతికలో ఉన్న జట్టును ఒక్కదాన్నీ కొట్టలేదు. రెండుసార్లు చివరి నిమిషంలో ఓడాడు, ఒకసారి తన ఆటగాళ్ళు సగం మంది జ్వరంతో పడుంటే ఓడాడు, మిగతావి శుభ్రంగా ఓడాడు. కారణాలు ఎవడిక్కావాలి? ఊరు ఆయనకు సున్నా లాండ్రమ్ అని పేరు పెట్టింది. చచ్చిన పాముల్ని కొట్టే మొనగాడన్నారు. దాణా కొట్టు ముందు బోర్డు మీద ఎవరో పెద్ద సున్నా గీసి, దానికి ఆయన టోపీ తొడిగారు.

ఈ లెక్క హోలిస్‌కు మొదటి నుంచీ రుచించలేదు. కంచె మనిషి కనుక అతనికి ఒకటే బాధ. ర్యాంకు వారం వారం జరిగే గుంజ. ఇవాళ పద్దెనిమిదో జట్టు అన్నది వచ్చే వారం అందులోనే ఉండదు. అలాంటి గుంజకు తాడు కట్టి మనిషి బతుకు కొలుస్తారా? వీడాతో అనేవాడు, ఆర్లిస్‌తో అనేవాడు. కానీ డాట్ కేఫ్‌లో పొద్దున్న కాఫీల దగ్గర మాత్రం అనేవాడు కాదు, ఎందుకంటే అక్కడ బిల్ హాచర్ ఉండేవాడు.

హాచర్ ట్రాక్టర్ల వ్యాపారి, కాలేజీ పాలకవర్గంలో పెద్ద నోరు. ఆ ఏడు ఆగస్టులో, ఇంకా ఒక్క ఆటా మొదలవకముందే, పోర్క్ సాసేజీలు నములుతూ అందరికీ వినపడేలా తీర్పు చెప్పేశాడు.

"నాకు మొత్తం గెలుపులు చెప్పకండయ్యా. ముసలాళ్ళ ఆశ్రమం మీద ఆడితే నేనూ గెలుస్తా. ఈ ఏడు పాతికలో ఒక్కణ్ణి కొట్టమను. కొట్టలేదా, ఆయనా పోతాడు, ఆయన వెనకాల బలగమూ పోతుంది."

బలగం అన్నప్పుడు హాచర్ హోలిస్ వైపు చూశాడు. హోలిస్ కప్పు కింద పెట్టి లేచి వచ్చేశాడు. ఆ బలగంలో రస్ ఉన్నాడు. రస్ వెనకాల డార్లా ఉంది.

డార్లా హోలిస్‌కు ఒక్కతే కూతురు. చిన్న కోచ్‌ను కట్టుకున్న పాపానికి ఆమె సామాన్లు కడుతూ, విప్పుతూ, మళ్ళీ కడుతూ బతికింది. పెద్ద కోచ్ ఊడితే చిన్న కోచ్‌లంతా ఊడతారు, అది ఆ వృత్తి ధర్మం. ఒక ఊళ్ళో వంటింటికి రంగు వేయించిన వారానికే వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఇంకో ఊళ్ళో పిల్ల జూన్ స్కూల్లో నోరు విప్పి మాట్లాడటం మొదలుపెట్టిందో లేదో లారీ వచ్చి గుమ్మం ముందు నిలబడింది. తిరిగి తిరిగి పుట్టిన ఊరికే ఉద్యోగం వచ్చిందని సంబరపడితే, ఇప్పుడు దీని మీదా కత్తి వేలాడుతోంది. హాచర్ మాట చెవిన పడ్డ రోజు డార్లా పుట్టింటికి వచ్చి, వీడా వలుస్తున్న ఉడకబెట్టిన వేరుశనక్కాయల గిన్నె పక్కన కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఇంకోసారి సామాన్లు కట్టను నాన్నా. పోతే ఆయన్నే పొమ్మంటా. పిల్లా నేనూ ఇక్కడే ఉంటాం."

"అంటే?" అన్నాడు హోలిస్.

"అంటే అదే."

ఆమె తండ్రి కూతురు. అన్నమాట అంటే పాతిన గుంజే. రస్ చెడ్డవాడు కాదు, మాట తూలడు, తాగడు. కానీ ఓడిన ప్రతి శనివారం తర్వాతా ఇంటికి ఒక మనిషి బదులు ఖాళీ చొక్కా వచ్చినట్టుండేదని డార్లా తల్లితో చెప్పుకుంది. ఆ ఇద్దరి కాపురం పాతికలో ఒక జట్టు మీద గెలుపుకు తగిలించి ఉందన్న సంగతి హోలిస్‌కు ఆ రోజు నుంచీ గొంతులో ముల్లులా పడింది.

ఆ ఏడు ర్యాంకు జట్లతో మూడే ఆటలు పడ్డాయి. రెండు ఓడారు. మిగిలిన ఒక్కటి నవంబరులో సొంత మైదానం మీద మార్లోతో. మార్లో అప్పటికి పంతొమ్మిదో ర్యాంకు. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు, వీళ్ళకు ఇంటా అదే, రచ్చా అదే. ఆ శనివారం మధ్యాహ్నం స్టేడియంలో జనం ఇసక వేస్తే రాలనట్టు ఉన్నారు. హోలిస్ పొద్దున్న ఏమీ తినలేకపోయాడు. క్లిప్పు జేబులో పెట్టుకుని, దాన్ని వేళ్ళతో తడుముతూనే నిలబడ్డాడు.

ఆట చివరి భాగానికి కార్విల్ రెండు పాయింట్లు ముందుంది. అయితే బంతి మార్లోది, వాళ్ళు మైదానానికి ఒక కొసనున్న స్కోరు బోర్డు వైపు తోసుకుపోతున్నారు. ఆపేవాడు లేడు. గొలుసు జరుగుతోంది, మళ్ళీ జరుగుతోంది. బోర్డు వైపు పోతున్నారు కనుక, అవతలి కొస బయట పారే నది వైపు అంచు గీతకు వెనక. జరిగిన ప్రతిసారీ హోలిస్ వంగి, నది వైపు అంచున క్లిప్పు పెట్టి లేస్తున్నాడు. మార్లో కిక్కర్ ఎంత దూరం నుంచైనా తన్నగలడని పేరు. ఇంకో ఇరవై గజాలు పోతే చాలు, వాడు బంతిని గోలు గుంజల మధ్యకి తన్ని మూడు పాయింట్లు కొట్టేస్తాడు, అంతే సంగతులు. రస్ అంచున అటూ ఇటూ నడుస్తూ తన లావుపాటి కుర్రాళ్ళకు ఏదో చెబుతున్నాడు, వాళ్ళు వినటం లేదు. హోలిస్ చూడకూడదనుకుంటూనే చూశాడు.

అప్పుడు మార్లో కుర్రాడు విసిరిన బంతిని కార్విల్ కుర్రాడొకడు గాల్లో అందుకున్నాడు. స్టేడియం కూలిపోయిందా అన్నంత కేక లేచింది. కొత్త గొలుసు వేయాలి. ఆర్లిస్ పరుగెత్తాడు, వెనక కర్రవాడు పరుగెత్తాడు. పక్కన రస్ మోకాళ్ళ మీద పడి లేచాడు. హోలిస్ వంగి, క్లిప్పు తగిలించి, లేచాడు.

ఇక మిగిలింది చిన్న లెక్క. కార్విల్ పది గజాలు సంపాదిస్తే గడియారం వాళ్ళ చేతిలో ఉన్నట్టే, బంతి పట్టుకు కూర్చుంటే ఆట అయిపోతుంది. మూడు ప్రయత్నాల్లో సంపాదించలేకపోతే, అక్కడే బంతి పోగొట్టుకోకుండా నాలుగోదాంట్లో దాన్ని దూరంగా మార్లోకు తన్నేయాలి, వాళ్ళకు ఇంకా సమయం ఉంటుంది, ఆ కిక్కర్ ఉన్నాడు. మొదటి ప్రయత్నంలో నాలుగు గజాలు వచ్చాయి. రెండోదాంట్లో మూడు. మూడోదాంట్లో కుర్రాడు తలవంచుకుని గుంపులోకి దూరాడు, అతని మీద పదిమంది పడ్డారు. ఒక్కొక్కరినీ లాగి తీశాక, దక్కిందో లేదో ఎవరికీ తెలియలేదు. రిఫరీ గొలుసు తెమ్మని చెయ్యి ఊపాడు.

మైదానం అంచున ఉండే రెండో రిఫరీ క్లిప్పు దగ్గర గొలుసు పట్టుకున్నాడు. హోలిస్ అతని పక్కన, ఆర్లిస్ ముందు కర్రతో, ఇంకొకడు వెనక కర్రతో, నలుగురూ మైదానం నడిమికి నడిచారు. నడుస్తుండగా హోలిస్ ఎదురుగా ఎండలో మెరుస్తున్న నదిని చూశాడు. మన కుర్రాళ్ళు నది వైపు పోతున్నారు అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం అతని అడుగు తడబడింది.

నది వైపు పోతుంటే వెనక అంచు బోర్డు వైపుది. తను క్లిప్పు ఎటు పెట్టాడు? నది వైపు. అంతసేపూ పెట్టినట్టే, చేతికి అలవాటైనట్టే, అల్లుడు మోకాళ్ళ మీద పడుతుంటే అటు చూస్తూ నది వైపే పెట్టాడు. అంటే ముందు అంచున. ఇప్పుడు రిఫరీ దాన్ని తీసుకెళ్ళి నియమం ప్రకారం వెనక అంచున ఆనిస్తాడు. గొలుసు మొత్తం బెత్తెడు వెనక్కి వస్తుంది. పది గజాలు పోవాల్సిన వాళ్ళు బెత్తెడు తక్కువ పోయినా చాలు.

అంచు రిఫరీ వేరే రాష్ట్రం వాడు, చాలా ఏళ్ళుగా హోలిస్‌ను ఎరిగినవాడు. గీత దగ్గర మోకాలి మీద కూర్చుని తలెత్తాడు. అది ప్రతిసారీ అడిగేదే, అడగాలి కనుక అడిగేదే.

"వెనక అంచేనా హోలిస్?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. చెబితే గొలుసు జరిపి కొలుస్తారు, పొరపాటు ఎవరైనా చేస్తారు, ఎవరూ తిట్టరు. హోలిస్‌కు అదంతా తెలుసు. తోడల్లుడి మూడడుగులు తీసినప్పుడు క్షణం ఆలోచించని మనిషి, ఇప్పుడు ఆలోచించాడు. పైన ఎక్కడో డార్లా కూర్చుని ఉంది. అతను అటు చూడలేదు. తల ఊపాడు.

క్లిప్పు ఆనింది. వెనక కర్ర బిగిసింది. ఆర్లిస్ ముందు కర్రను లాగి నిలబెట్టాడు. బంతి ముక్కు కర్రను దాటి రెండు వేళ్ళు ముందుంది. దక్కిందన్నట్టు రిఫరీ నది వైపు చెయ్యి చాపాడు.

తర్వాత గడియారం అయిపోయింది, ఆట అయిపోయింది, జనం మైదానం మీదికి దూకారు. గోలు గుంజలు పీకి వీధుల్లోకి మోసుకెళ్ళారు. లాండ్రమ్‌ను భుజాలకెత్తుకున్నవాళ్ళలో హాచర్ కూడా ఉన్నాడు. డార్లా మెట్లు దిగి పరుగెత్తుకొచ్చి రస్ మెడ పట్టుకుని వదల్లేదు. పిల్ల జూన్ వాళ్ళిద్దరి కాళ్ళ మధ్య దూరి గంతులేసింది. హోలిస్ గొలుసు చుడుతూ కూర్చున్నాడు. ఆర్లిస్ వచ్చి భుజం చరిచి, ఇప్పుడైనా నవ్వరా, ఆట అయిపోయింది అన్నాడు. హోలిస్ నవ్వాడు. నవ్వు ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

టీవీలో పది గజాల దగ్గర గీసి చూపించే పసుపు గీత మాత్రం బంతి అందలేదని చూపించిందట. మార్లో వాళ్ళు గోల చేశారు, రెండు రోజులు టీవీల్లో అదే వాదన. డాట్ కేఫ్‌లో ఆ మాట ఎత్తితే అందరూ నవ్వారు. "టీవీ గీత గీసేది స్టేడియం బయట లారీలో కూర్చున్న కుర్రకుంకలు. మా క్లిప్పు పెట్టింది హోలిస్ ప్రూయిట్" అన్నాడు హాచర్, హోలిస్ కాఫీ డబ్బులు తనే ఇస్తూ. హోలిస్‌కు ఆ కాఫీ విషంలా దిగింది. అతనికి ఊరు ఇచ్చిన పేరే అతని అబద్ధానికి కాపలా కాస్తోంది. ఇంతకన్నా సిగ్గుపడాల్సింది ఏముంటుందని ఇంటికి పోయి గ్యారేజీలో కూర్చున్నాడు. వీడా ఒంట్లో బాగోలేదా అని అడిగింది. బాగానే ఉందన్నాడు.

పోనీ, కూతురి కాపురం నిలబడింది కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. అది కూడా ఎక్కువ రోజులు సాగలేదు. ఆ ఆట తర్వాతి శనివారం మార్లో బంతి విసిరే కుర్రాడి మోకాలు విరిగింది. మార్లో ఓడింది. పై వారం మళ్ళీ ఓడింది. జన్మలో మార్లో కోసం ప్రార్థించని హోలిస్, పికప్ బండిలో రేడియో పెట్టుకుని వాళ్ళు గెలవాలని ప్రార్థించాడు. మూడోదీ ఓడింది. పాతిక జట్ల కొత్త పట్టికలో మార్లో పేరు లేదు.

పాలకవర్గం డిసెంబరులో కూర్చుంది. బయటికొచ్చి హాచర్ చెప్పిన మాట మర్నాడు ఊరంతా పాకింది. ఆడిననాడు ర్యాంకు ఉందంటే ఉంది, కానీ సీజను ముగిసేసరికి పాతికలో లేని జట్టును ర్యాంకు జట్టని ఎలా లెక్కేస్తాం? లాండ్రమ్ ఇప్పటికీ సున్నాయే. భుజాలకెత్తుకున్న మనిషే ఈ మాట అన్నాడు. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది. లాండ్రమ్ పోయాడు. ఆయన వెనకాల బలగమూ పోయింది. రస్‌కు పశ్చిమ టెక్సాస్‌లో ఒక హైస్కూలు ఉద్యోగం దొరికింది, జీతం సగం, ఊరి చుట్టూ కనుచూపు మేర చెట్టు లేదట.

హోలిస్ రెండు రోజులు నిద్రపోలేదు. దొంగతనం చేసినా మూట దక్కలేదు. కానీ ఒక్క సంగతి తేలికయింది. ఇక నిజం చెబితే ఎవరికీ పోయేదేమీ లేదు. డార్లా అన్నమాట ప్రకారం ఊళ్ళోనే ఉంటుంది. ముందు ఆమెకు చెప్పి, తర్వాత ఆ రిఫరీకి ఫోన్ చేసి, ఆ తర్వాత ఆర్లిస్‌కు చెబుదామని నిశ్చయించుకుని, ఆదివారం చర్చి ముగిశాక కూతురి ఇంటికి బండి తోలాడు. దారంతా మాటలు కూడబలుక్కున్నాడు.

ఇంటి ముందు అద్దె లారీ ఉంది. రస్ దాని మీద పరుపులకు తాడు కడుతున్నాడు. డార్లా గుమ్మంలో అట్టపెట్టెకు టేపు వేస్తోంది. పెట్టె మీద జూన్ బొమ్మలు అని రాసి ఉంది.

"నువ్వూ వెళ్తున్నావా?" అన్నాడు హోలిస్.

"వెళ్తున్నా నాన్నా. వెళ్ళనన్నాను, నిజమే." ఆమె టేపు కొరికి తెంపింది. "కానీ ఆ రోజు ఆయన మొహం చూశా కదా. పెళ్ళయ్యాక ఎప్పుడూ చూళ్ళేదు ఆ మొహం. ఆ మనిషి లోపల ఉన్నాడని తెలిశాక ఎలా వదిలేసి కూర్చోను చెప్పు? ఈ చొక్కా మనిషిని వదిలేద్దును గానీ, ఆయన్ని వదల్లేను."

హోలిస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. చెప్పాలనుకున్న మొదటి మాట నాలుక మీదే ఉంది.

"లెక్కలోకి రాదన్నాడు కదా ఆ హాచర్ గాడు, అప్పట్నుంచీ ఈయనకి అదే దిగులు" అంది డార్లా, గొంతు తగ్గించి. "దానికి తోడు టీవీ గీత ఒకటి. నిన్న కూడా అడిగాడు, డార్లా, నిజంగా అందిందంటావా అని. నాకేం తెలుసు, మా నాన్నని అడుగుతానన్నా. నువ్వు పక్కనే ఉన్నావు. నీ మాటైతే ఆయనకి చాలు. ఇంకెవడేమన్నా పట్టించుకోడు. అందింది కదా నాన్నా?"

లారీ మీద రస్ చేతులు ఆగాయి. ఇవాళ శనివారం కాదు, అతను మామ మొహంలోకి సూటిగా చూస్తున్నాడు.

"అందింది" అన్నాడు హోలిస్. లారీ దాకా వినపడలేదనిపించి, రెండోసారి గట్టిగా అన్నాడు. "అందిందిరా రస్. క్లిప్పు పెట్టింది నేనే కదా."

రస్ తల ఊపాడు. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తాడు బిగించడం మొదలుపెట్టాడు. హోలిస్ టోపీ పెట్టుకుని వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు.